పొగలేని బస్సుల పూర్వచరిత్రము

నగరమున బస్సుకొఱకు నిలుచువారు తాము వేచియున్న కాలమును లెక్కింతురు గాని, ఆ కాలమున తాము పీల్చిన గాలిని లెక్కింపరు. కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని, బిడ్డ మొగమును భుజమున దాచుకొని నిలిచియున్న తల్లులను మనము ప్రతిదినము చూచుచునే యున్నాము. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిశ్చయించి ప్రకటించినది. సొంత కారు గలవాడు అద్దములు బిగించుకొని పోవును. వీథిలో నిలిచి బస్సుకై ఎదురుచూచువానికి ఆ యద్దములు లేవు. కావున బస్సు పొగ యనునది కేవలము యంత్రశాస్త్ర విషయము గాదు. ఇంటింటి ఆరోగ్యమునకును, సంఘధర్మమునకును సంబంధించిన విషయము.

పొగ లేకుండ నడచు విద్యుత్తు బస్సు నేటి వింతయని పలువురు తలంచుచున్నారు. చరిత్ర మట్లు చెప్పుట లేదు. విద్యుత్తును నిలువజేసి మరల వాడుకొనుటకు వీలగు సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. 1881లో వెర్నర్ సీమెన్స్ బెర్లిను సమీపమున పట్టాలపై విద్యుత్తు ట్రామును నడపెను. మరుసటి సంవత్సరమే పట్టాలు లేని బండిని పైతీగలనుండి వచ్చు విద్యుత్తుతో నడపి చూపెను. తెలుగువారు పెక్కుమంది నివసించిన చెన్నపట్టణపు వీథులలో 1895 నుండియే విద్యుత్తు ట్రాములు తిరిగినవి. మన తాతముత్తాతలు పొగలేని బండి నెక్కి కచ్చేరికిని, బజారుకును పోయినవారే.

బ్యాటరీతో నడచు బస్సుల కథ యింతకంటెను విచిత్రమైనది. 1907 జూలై 15వ తేదీన లండను నగరమున విక్టోరియా స్టేషనుకును లివర్‌పూల్ స్ట్రీటుకును నడుమ విద్యుత్తు బస్సులు తిరుగ నారంభించినవి. ఆనాటి పెట్రోలు బస్సులు వాసనతోను, చప్పుడుతోను జనులను బాధించుచుండెను. చప్పుడు మితిమీరినదని పోలీసువారు వానిని వీథులనుండి తొలగించుటయు కలదు. విద్యుత్తు బస్సు నిశ్శబ్దముగా పోవుచుండెను. దాని బ్యాటరీ బరువు సుమారు ఒకటిన్నర టన్ను. అది తఱిగిపోయినప్పుడు బస్సును షెడ్డునకు తెచ్చి, పాత బ్యాటరీని దింపి, నిండినదానిని మూడు నాలుగు నిమిషములలో అమర్చి పంపుచుండిరి. నేడు మనము నూతనమని చెప్పుకొను బ్యాటరీ మార్పిడి పద్ధతి ఆనాటిదే.

ఇంత చక్కని ప్రయత్నము 1910 జనవరిలో ముగిసిపోయెను. బ్యాటరీ కున్న లోపము నిజమే: ఒక శేరు పెట్రోలులో నిమిడియున్న శక్తితో పోల్చినచో ఒక శేరు సీసపు బ్యాటరీలోని శక్తి అత్యల్పము. అయినను నగరమున చిన్నదూరములు తిరుగుటకు అది చాలియుండెను. అసలు చీడ వేఱొకచోట పట్టినది. 1906లో ఆ కంపెనీ మూడులక్షల పౌనుల మూలధనమును కోరుచు వాటాలను అమ్మజూపినది. తమకు గలవని చెప్పుకొన్న పేటెంటు హక్కు కొఱగానిదని పత్రికలు బయటపెట్టగా, ధనమిచ్చినవారు పలువురు దానిని తిరిగి యిమ్మని పట్టుబట్టిరి. కంపెనీ వెనుక నున్నవారు బస్సులను నడపుటకంటె వాటాదారుల సొమ్మును తమవైపు మళ్లించుకొనుటయందే యెక్కువ నేర్పు చూపిరని తరువాతి పరిశోధకులు తేల్చిరి. కంపెనీ మూతపడిన పిమ్మట కొన్ని బస్సులు బ్రైటన్ పట్టణమునకు అమ్ముడుపోయి అచట మఱికొంతకాలము చక్కగానే తిరిగినవి. యంత్రము మోసము చేయలేదు, మనుష్యులు చేసిరి.

అదే 1910లో లండనున బాగుగా నడచు పెట్రోలు బస్సు ఒకటి బయలుదేరినది. మరుసటి సంవత్సరమే అచటి పెద్ద కంపెనీ తన గుఱ్ఱపు బస్సులను పూర్తిగా విరమించినది. పిదప నూఱేండ్లు చమురుదే రాజ్యమయ్యెను. మనదేశమును ఆ దారినే పట్టినది. హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను స్థాపించిరి. నేటి ఆర్టీసీకి మూలమదియే. చెన్నపట్టణపు ట్రాములు 1953లోను, బొంబాయి ట్రాములు 1964లోను ఆగిపోయినవి. బొంబాయిలో 1962లో ప్రవేశపెట్టిన ట్రాలీ బస్సులు సయితము పదేండ్లు నిండకముందే, 1971లో నిలిచిపోయినవి. చేతనున్న పొగలేని బండ్లను మనమే యొకటొకటిగా విడిచిపెట్టి, డీజిలు బండ్లను పెంచుకొంటిమి.

ఆ విడిచిపెట్టుటకు వెల చెల్లింపవలసివచ్చినది ఢిల్లీ నగరము. 1998 జూలైలో సుప్రీముకోర్టు, ఆ నగరమందలి బస్సులన్నియు 2001 మార్చి 31వ తేదీ నాటికి సహజవాయువుతో నడువవలెనని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ యుత్తమమైనదే; అయితే ఏర్పాట్లు వెనుకబడినవి. వాయువు నింపు కేంద్రములు చాలక బండ్లు గంటలకొలది బారులు తీరి నిలిచినవి. బస్సులు తగ్గి జనులు నానాయాతనలు పడిరి. 2002 సంవత్సరము ముగియు నాటికి గాని యీ మార్పు పూర్తికాలేదు. బండి కొనుట సులభము, దానికి మేత సమకూర్చుట కష్టమని ఆ యనుభవము నేర్పినది.

ఈ లోపల బ్యాటరీయే మాఱినది. 1991లో విపణికి వచ్చిన లిథియము అయాను బ్యాటరీ సీసపుదానికంటె చాల తేలికైనది. దానికి మూలపురుషులగు గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెలు బహుమతి లభించినది. ఈ బ్యాటరీ నాధారము చేసికొని చైనాలోని షెంజెన్ నగరము 2009 తరువాత విద్యుత్తు బస్సులను ప్రవేశపెట్టి, 2011లో అచట జరిగిన అంతర్జాతీయ విద్యార్థి క్రీడోత్సవములలో వానిని పరీక్షించి, 2017 తుదకు తన 16,359 బస్సులను పూర్తిగా విద్యుత్తునకు మార్చినది. అచటివారు బస్సునొక్కదానినే కొనలేదు. బస్సు ధర డీజిలు బస్సు ధరకు రెండు మూడు రెట్లుండగా, అందు పెద్దభాగమును ప్రభుత్వములు భరించినవి. మిగిలిన భారము ఒక్కసారిగా పడకుండ బస్సులను అద్దె పద్ధతిని తీసికొనిరి. బ్యాటరీ చెడినచో బాధ్యత తయారుచేసినవారిదని ముందే వ్రాయించుకొనిరి. విద్యుత్తు చౌకగా దొరకు రాత్రివేళల బస్సులకు ఛార్జింగు పెట్టిరి. లండనున లేని పారదర్శకతయు, ఢిల్లీలో లోపించిన ముందుచూపును ఎంత ముఖ్యములో దీనివలన తెలియుచున్నది.

ఇక మన సంగతి. 2019లో హైదరాబాదు ఆర్టీసీ 40 విద్యుత్తు బస్సులను విమానాశ్రయపు దారులలో ప్రవేశపెట్టినది. 2022లో తిరుపతికి నూఱు బస్సులు మంజూరై, తిరుమల కొండదారిని ఎక్కి దిగసాగినవి. దిగునప్పుడు బ్రేకు వేయగా మోటారు తిరుగబడి కొంత విద్యుత్తును మరల బ్యాటరీకి చేర్చును గనుక, ఘాటు రోడ్డు ఈ బస్సునకు తగినచోటు. ఈ బస్సులు కార్పొరేషను సొత్తుగావు. కంపెనీవారు బస్సును, డ్రైవరును సమకూర్తురు, కార్పొరేషను కిలోమీటరునకు ఇంతయని చెల్లించును. దీనివలన ఒకేసారి పెట్టుబడి పెట్టు బాధ తప్పినది. అయితే ఏండ్లతరబడి చేయి తిరిగిన ఆర్టీసీ డ్రైవరు గతి యేమి? క్రొత్తగా కంపెనీలో చేరినవానికి అదే జీతము, అదే భద్రత దొరకునా? లాభము పొగరూపమున మనకు దక్కి, నష్టము జీతపురూపమున వానిపై పడినచో దానిని సంస్కరణమని యెట్లు పిలువగలము?

మఱియొక సంగతియు మఱువరాదు. పెద్దబస్సు కిలోమీటరునకు సుమారు ఒకటి, ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తును తినును. దినమునకు 200 కిలోమీటర్లు తిరుగు బస్సులు నూఱున్న డిపోకు రాత్రికి ఇరువదివేలు మొదలు ముప్పదివేల యూనిట్లు కావలెను. ఆ విద్యుత్తులో నధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. వీథిలో పొగ మాయమగుట నిజమే. కాని రామగుండమునందును, కొత్తగూడెమునందును గొట్టములు ఆగిపోలేదు. నగరపు బిడ్డ ఊపిరి తిత్తులను కాపాడుటకై గనులదరి బిడ్డ బూడిదను పీల్చవలెనా? ఈ ప్రశ్న విద్యుత్తు బస్సును నిరాకరించుటకు గాదు. జనసమ్మర్దము గల వీథులలో మనుష్యుల ముక్కులయొద్ద పొగను ఆపుట తప్పక మేలే. సూర్యరశ్మినుండియు, గాలినుండియు పుట్టు విద్యుత్తు పెరిగినకొలది ఆ మేలు గనుల ఊళ్లకును చేరును. చమురు బస్సున కా యవకాశము లేనేలేదు.

కావున చదువరులు క్రొత్త బస్సునకు కట్టిన పూలదండను చూచి తృప్తిపడి యూరకుండరాదు. ఎన్ని బస్సులు వచ్చినవని యడుగుటతోపాటు, దినమునకు ఎన్ని ట్రిప్పులు రద్దయినవి, కిలోమీటరునకు ఎంత చెల్లించుచున్నారు, డ్రైవరు జీతమెంత, విద్యుత్తు ఎచటినుండి వచ్చుచున్నది, అరిగిన బ్యాటరీలను ఎవరు తీసికొందురు అని కార్పొరేషనువారిని అడుగవలెను. ఈ లెక్కలను ఏటేట అందఱకు తెలియునట్లు ప్రకటింపుమని కోరుట మన హక్కు. 1906లో లండను గృహస్థులు ఆలస్యముగానైనను ఇట్లు ప్రశ్నించియుండకున్నచో వారి సొమ్ము మఱింత పోయియుండెడిది. ముందుగానే ప్రశ్నించియున్నచో, వారి వీథులనుండి ఆ నిశ్శబ్దపు బండ్లే పోకయుండెడివేమో.