నికాన్ డి700, క్యానన్ 5డి మార్క్ 2: ఒకే ఏడాది పుట్టిన రెండు కెమెరాలు

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మాఘమాసంలో అక్క పెళ్లి. ఫోటోలు నేనే తీస్తానని ఇంట్లో మాటిచ్చేశా. పెళ్లయ్యాక అదే కెమెరాతో షార్ట్ ఫిల్మ్ తియ్యాలి. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి700 ఒకటి, క్యానన్ 5డి మార్క్ 2 ఒకటి చూశా. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి. ఏది తీసుకోను?"

ఒక్క లైన్‌లో జవాబు రాసేద్దామని కూర్చున్నాను. రెండు రోజులైనా ఆ లైన్ రాలేదు. దాని వెనక కథ చాలా ఉంది మరి. అందుకే ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం 2008వ సంవత్సరం మీద.

ముందు ఫుల్ ఫ్రేమ్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తా. పాత ఫిల్మ్ రీల్లో ఒక్కో ఫోటో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది కదా, సెన్సార్ కూడా అదే సైజులో ఉంటే దాన్ని ఫుల్ ఫ్రేమ్ అంటారు. క్యానన్ 2002లోనే ఆ సైజు కెమెరా తెచ్చింది. నికాన్ మాత్రం 2007 ఆగస్టులో డి3 ప్రకటించేదాకా చిన్న సెన్సార్లతోనే నెట్టుకొచ్చింది. 2007 చివరికి పరిస్థితి ఏంటంటే, నికాన్ టాప్ కెమెరా డి3, ధర 4,999 డాలర్లు. క్యానన్ టాప్ కెమెరా 1డిఎస్ మార్క్ 3, ధర 7,999 డాలర్లు. మామూలు ఫోటోగ్రాఫర్ షాపు అద్దంలోంచి చూసి వచ్చేయడమే.

2008లో ఇద్దరూ ఆ పెద్ద కెమెరాలకు తమ్ముళ్లని తెచ్చారు. జూలై 1న నికాన్ డి700 ప్రకటించింది, 2,999 డాలర్లు. సెప్టెంబర్ 17న క్యానన్ 5డి మార్క్ 2 ప్రకటించింది, 2,699 డాలర్లు. మధ్యలో రెండున్నర నెలలు. ధరలో తేడా 300 డాలర్లు. ఇంటర్నెట్‌లో ఎవరు ఎవరిని ఎన్ని మాటలన్నారో చెప్పక్కర్లేదు.

ఇక్కడ నాకు ఆసక్తి పుట్టించేది ఒకటుంది. అన్న దగ్గర్నుంచి ఏ తమ్ముడు ఏం తెచ్చుకున్నాడు? డి700 తన అన్న డి3 నుంచి 12.1 మెగాపిక్సెల్ సెన్సార్ తెచ్చుకుంది, దాంతోపాటు 51 పాయింట్ల ఫోకస్ సిస్టమ్ కూడా తెచ్చుకుంది. 5డి మార్క్ 2 తన అన్నలాగే 21.1 మెగాపిక్సెల్స్ తెచ్చుకుంది. ఫోకస్ మాత్రం తెచ్చుకోలేదు! అన్నకి 45 పాయింట్లుంటే, దీనికి మాత్రం 2005 నాటి మొదటి 5డి లాగే కనిపించే పాయింట్లు తొమ్మిదే. ఆ తొమ్మిదిలో కూడా మధ్యది ఒక్కటే క్రాస్ టైప్, అంటే నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ రెండిటినీ పట్టుకోగలిగేది. మిగతా ఎనిమిదీ ఒక్క దిక్కు గీతల్నే చూడగలవు. డి700లో అలాంటి క్రాస్ పాయింట్లు 15.

కాగితం మీద చూస్తే ఇదంతా బోర్. పెళ్లిమండపంలో చూడండి.

మన ముహూర్తాలు ఎప్పుడుంటాయో తెలుసు కదా. తెల్లవారుజామున మూడు గంటలా ఇరవై నిమిషాలు అని శుభలేఖలో వేస్తారు. జీలకర్ర బెల్లం పెడతారు, అడ్డుతెర తీస్తారు, తాళి కడతారు, ఆ తర్వాత తలంబ్రాలు. తలంబ్రాల దగ్గర ఇద్దరూ పోటీ పడి పోసుకుంటుంటారు, తలలు కదులుతుంటాయి, చేతులు అడ్డొస్తాయి, బియ్యం గాల్లో ఉంటాయి. గింజలు గీతల్లా సాగకుండా విడివిడిగా కనపడాలంటే షట్టర్ స్పీడ్ కనీసం సెకనులో 250వ వంతు పెట్టాలి. అంత వేగంలో సెన్సార్ మీద పడే వెలుగు తక్కువ. కాబట్టి ఐఎస్ఓ 3200, ఒక్కోసారి 6400 దాకా పెంచక తప్పదు. వీడియో అతను లైట్ పక్కకి తిప్పాడా, అంతే సంగతులు.

నేనూ ఒకసారి చుట్టాల పెళ్లికి అప్పు తెచ్చుకున్న కెమెరా పట్టుకుని వెళ్లాను. ఏ కంపెనీదో అనవసరం. తలంబ్రాలప్పుడు ఫ్రేమ్ అందంగా ఉంటుందని ఓ మూల ఫోకస్ పాయింట్ ఎంచుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే, వెనక కట్టిన బంతిపూల దండ ఒక్కో రేకూ లెక్కపెట్టుకోవచ్చు. పెళ్లికూతురు మొహం మాత్రం పొగమంచులో ఉన్నట్టుంది. తప్పు కెమెరాది కాదు, దాని పరిమితి తెలుసుకోకుండా వెళ్లిన నాది. కానీ పిన్నికి ఆ మాట చెబితే ఏం లాభం? మళ్లీ పోయండి తలంబ్రాలు అనలేం కదా.

డి700 ఇలాంటి చోట పనిచేయడానికే పుట్టింది. సెకనుకి 5 ఫోటోలు. బ్యాటరీ గ్రిప్ తగిలించి, అందులో సరైన బ్యాటరీ వేస్తే 8. 5డి మార్క్ 2 సెకనుకి 3.9. నిజానికి ఐదుకీ నాలుగుకీ తేడా పెద్దది కాదు, కదిలే మనిషిని ఫ్రేమ్ మూలల్లో కూడా వెంబడించగలగడమే అసలు తేడా. 5డితో అయితే మధ్య పాయింట్ మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ జరుపుకోవాలి. కదలకుండా కూర్చున్న తాతయ్యకి ఆ పద్ధతి సరిపోతుంది. తలంబ్రాలకి సరిపోదు.

మరి వెలుగు సంగతి? సెన్సార్ సైజు ఒకటే, దాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నదే ప్రశ్న. వాకిట్లో వాన పడుతుంటే నికాన్ కొన్ని గంగాళాలు పెట్టింది, క్యానన్ చాలా బిందెలు పెట్టింది. డి700 ఒక్కో పిక్సెల్ వెడల్పు 8.45 మైక్రాన్లు, 5డిది 6.4. వైశాల్యంలో చూస్తే నికాన్ పిక్సెల్ సుమారు 1.7 రెట్లు పెద్దది. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. వాకిలి అదే, వాన అదే. బిందెలన్నీ కలిపి కొలిస్తే నీళ్లు దాదాపు అంతే వస్తాయి. 21 మెగాపిక్సెల్ ఫోటోని 12కి కుదించి పక్కపక్కన పెడితే చీకట్లో ఈ రెండిటి తేడా మనం ఊహించుకున్నంత ఉండదు. నికాన్‌దే కాస్త పైచెయ్యి, కాస్తే. కాబట్టి డి700 చీకటి కెమెరా అని పేరు తెచ్చుకోవడంలో సెన్సార్‌కి ఎంత వాటా ఉందో, చీకట్లో కూడా తడబడని ఆ ఫోకస్‌కీ అంత వాటా ఉందని నా అభిప్రాయం.

పగలైతే లెక్క తిరగబడుతుంది. మన పెళ్లి ఆల్బమ్ విప్పితే 12 బై 36 అంగుళాలు, అంటే ఒక్కో పేజీ 12 బై 18. డి700 ఫోటో పొడవు 4256 పిక్సెల్స్. దాన్ని 18 అంగుళాలకి పరిస్తే అంగుళానికి 236 పడతాయి. 5డి మార్క్ 2 ఫోటో 5616 పిక్సెల్స్, అంటే అంగుళానికి 312. ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లకి 236 చాలు, ఎవరూ భూతద్దం పెట్టి చూడరు. కానీ రామప్ప గుడి మదనిక శిల్పాలో, పాపికొండల దగ్గర గోదావరి ఒంపో తీసి గోడంత ప్రింట్ వేయాలనుకోండి, అప్పుడు ఆ అదనపు 9 మెగాపిక్సెల్స్ కావాలి. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100లో, తీరిగ్గా తీసే పనికి ఫోకస్ పాయింట్లు తొమ్మిదైతే ఏంటి, ఒకటైతే ఏంటి? స్టూడియో పోర్ట్రెయిట్‌కీ అంతే. 2009 జనవరి 13న ఒబామా అధికారిక చిత్రాన్ని పీట్ సౌజా తీసింది 5డి మార్క్ 2తోనే. ఒక అమెరికా అధ్యక్షుడి అధికారిక చిత్రం డిజిటల్ కెమెరాతో తీయడం అదే మొదటిసారి. ఒక్క లోపం చెప్పాలి. దీని ఫోటోల్లో చీకటి భాగాల్ని ఎడిటింగ్‌లో బాగా పైకి లాగితే చారలు బయటపడతాయి. వెలుగు ఎక్కువ తక్కువలున్న సీన్‌లో రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకోవడం మంచిది.

ఇక వీడియో. అసలు కథ ఇక్కడుంది.

డి700లో వీడియో లేదు. అసలు లేదు. వీడియో తీసే మొదటి డిఎస్ఎల్ఆర్ కూడా నికాన్‌దే, 2008 ఆగస్టులో వచ్చిన డి90. కానీ అది 720పి, క్లిప్ ఐదు నిమిషాలు. మూడు వారాల తర్వాత వచ్చిన 5డి మార్క్ 2 ఫుల్ హెచ్‌డి తీసింది. ఫోటో జర్నలిస్టులకి పనికొస్తుందని పెట్టిన సదుపాయం అది, సినిమావాళ్లని దృష్టిలో పెట్టుకుని కాదు. మొదట్లో వీడియో తీసేటప్పుడు అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మన చేతిలో ఉండేవి కావు, అన్నీ కెమెరానే నిర్ణయించేది. ఒక్క క్లిప్ పన్నెండు నిమిషాలకి మించేది కాదు, ఫైల్ 4 జీబీ దాటితే ఆగిపోయేది. ఫోకస్ సంగతి ఇంకా ఘోరం. వీడియో తీయాలంటే అద్దం పైకి లేవాలి. ఆ అద్దం కిందకి ఉంటేనే ఫోకస్ సెన్సార్‌కి వెలుగు అందుతుంది. అంటే వీడియో మొదలవ్వగానే ఆటోఫోకస్ గుడ్డిదైపోతుంది.

అయినా జనం వెర్రెత్తిపోయారు. కారణం, అప్పటి మామూలు వీడియో కెమెరాల సెన్సార్ గోరంత. ముక్కు దగ్గర్నుంచి వెనక గోడదాకా అన్నీ స్పష్టంగా ఉండేవి, అందుకే ఏది తీసినా పెళ్లి క్యాసెట్‌లా కనిపించేది. 5డి సెన్సార్ సినిమా ఫిల్మ్ ఫ్రేమ్ కంటే కూడా పెద్దది. మొహం పదునుగా, వెనక అంతా మెత్తగా కరిగిపోయి వచ్చేది. విన్సెంట్ లాఫొరే అనే ఫోటోగ్రాఫర్ ఇంకా మార్కెట్లోకి రాని కెమెరాని అరువు తీసుకుని, 72 గంటల్లో న్యూయార్క్‌లో 'రెవరీ' అనే చిన్న సినిమా తీసి నెట్‌లో పెట్టాడు. అది చూసినవాళ్లలో సగంమంది ఆ రాత్రి నిద్రపోయి ఉండరు. ఎక్స్‌పోజర్ చేతికి దొరకడం కోసం కొందరు క్యానన్ బాడీకి అడాప్టర్ పెట్టి నికాన్ పాత లెన్సులు తగిలించారు, వాటికి అపర్చర్ రింగ్ లెన్స్ మీదే ఉంటుంది కాబట్టి! 2009 జూన్‌లో క్యానన్ అప్‌డేట్ ఇచ్చి ఆ కంట్రోల్ మనకి అప్పగించింది. 2010 మార్చిలో సినిమా వేగం 24 ఫ్రేములు కూడా ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో ప్రసారమైన అమెరికన్ టీవీ సీరియల్ 'హౌస్' సీజన్ చివరి ఎపిసోడ్‌ని దీంతోనే తీశారు.

మన దగ్గర 2011 మార్చిలో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా' వచ్చింది. రవితేజ, ఛార్మి ఉన్న సినిమా. క్యానన్ 5డి కెమెరాలతో, ఐదే రోజుల్లో షూటింగ్ పూర్తి. సినిమా ఎంత నచ్చింది అన్నది వేరే సంగతి. స్టార్ ఉన్న తెలుగు సినిమా ఫోటో కెమెరాతో థియేటర్ దాకా వెళ్లిందన్నది చాలు, బీటెక్ హాస్టళ్లలో షార్ట్ ఫిల్మ్ కలలు కనేవాళ్లకి. మా సీనియర్ల బ్యాచ్‌లో ప్రతి రెండో గదిలో ఒక డైరెక్టర్ ఉండేవాడు.

ఇంకో తమాషా 2012లో జరిగింది. నికాన్ డి800 తెచ్చింది, 36.3 మెగాపిక్సెల్స్, సెకనుకి 4 ఫోటోలు. క్యానన్ 5డి మార్క్ 3 తెచ్చింది, 22.3 మెగాపిక్సెల్స్, 61 ఫోకస్ పాయింట్లు, సెకనుకి 6. ఎవరి దారిలో ఎవరు నడుస్తున్నారో చూశారా? బిందెలు నికాన్ పట్టుకుంది, ఫోకస్ క్యానన్ పట్టుకుంది. నాలుగేళ్లు ఒకరినొకరు వెక్కిరించుకున్న అభిమానులకి ఏం మాట్లాడాలో తోచలేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. 5డి మార్క్ 2 చరిత్రని మార్చింది. కానీ ఏ కారణానికి మార్చిందో ఆ కారణానికి ఇవాళ దాన్ని కొనక్కర్లేదు. నీ జేబులో ఫోన్ 4కె తీస్తుంది, నడిచే మనిషి మీద ఫోకస్ నిలుపుతుంది, పన్నెండు నిమిషాలకి ఆగదు. వెనక కరిగిపోయే ఆ అందం ఫోన్‌లో అంత సహజంగా రాదు, ఒప్పుకుంటాను. అయినా మొదటి షార్ట్ ఫిల్మ్‌కి కథ, మాట వినపడే మైకు ఉంటే చాలు, బాగోలేకపోతే రెండోది తియ్యొచ్చు. అక్క పెళ్లి రెండోసారి తియ్యలేవు. డి700 తీసుకో. అందులో ఫోకస్ మోటార్ బాడీలోనే ఉంటుంది కాబట్టి పాత 50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లెన్సులు కూడా ఆటోఫోకస్ చేస్తాయి, అవి చవక. మిగిలిన డబ్బు వాటి మీద పెట్టు. ఒకవేళ నీకు పెళ్లి లేదు, గుళ్లూ కొండలూ తీయడమే పని అంటే నేను ఇదే గొంతుతో 5డి తీసుకోమని చెప్పేవాణ్ణి.

కొనేముందు కార్డ్ స్లాట్ మూత తీసి ఫోన్ టార్చ్ వేసి చూడు. సిఎఫ్ కార్డ్ కదా, లోపల సన్నటి పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా తలనొప్పి. రబ్బరు గ్రిప్ ఊడుతోందా చూడు. ఒక ఫోటో తీసి ఆ ఫైల్ ఇంటికి తెచ్చుకో, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అందులోనే రాసి ఉంటుంది. లక్షన్నర సార్లకి పరీక్షించిన షట్టర్ అది. లక్షా నలభై వేలు కనిపిస్తే బేరం ఆడు, లేదా వదిలెయ్.

ఇదంతా మెసేజ్‌లో కూడా పంపించాను. నిన్న రాత్రి రిప్లై వచ్చింది. "ఆదివారం వెళ్లి చూస్తున్నా అన్నా. సిఎఫ్ కార్డ్ రీడర్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?"