కంపైలరుకు పరీక్ష పెట్టినవారు

మన సంఘంలో కంప్యూటర్ విభాగాలలో పనిచేసి విరమించినవారు కొద్దిమందే. అయినా జమాఖర్చులూ ఆడిట్లూ చూసిన మిత్రులకు ఈ కథ పరాయిది కాదనే నమ్మకంతో రాస్తున్నాను.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. అది తప్పుగా మారిస్తే నింద మాత్రం ప్రోగ్రాము రాసినవాడి మీద పడుతుంది. మరి దాన్ని తనిఖీ చేసేదెలా?

1960 డిసెంబరులో అమెరికాలో ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్‌సీఏ 501, యూనివాక్ 2 అనే రెండు వేర్వేరు యంత్రాలపై నడిపి చూపారు. ఒక్క ప్రోగ్రాముతో సరిపోదుగా! నౌకాదళం నుంచి విరమణ చేసిన గ్రేస్ హాపర్ గారిని ఏడు నెలలకే, 1967 ఆగస్టులో, మళ్ళీ పిలిచారు. ఆరు నెలల పనికని పిలిచిన ఆవిడ (మనవాళ్ళు గమనించాలి!) మధ్యలో ఒకసారి విరమించినా, చివరిగా సెలవు తీసుకున్నది 1986లో. కోబాల్ కంపైలర్లను పరీక్షించే ప్రోగ్రాముల సంపుటిని తయారుచేసింది ఆమె బృందమే.

పద్ధతి సులువు. చిన్న ప్రోగ్రాము, పక్కన రావలసిన జవాబు, రెండూ సరిపోల్చడమే. ఫోర్ట్రాన్‌లో పూర్ణసంఖ్యగా మైనస్ 7ను 2తో భాగిస్తే మైనస్ 3 రావాలి. వేగం కోసం బిట్లను ఒక స్థానం కుడికి జరిపే కంపైలర్ మైనస్ 4 ఇస్తుంది. ఈ మైనస్ 3 అన్నది భాషా ప్రమాణం చదివి, చేత్తో వేసిన జవాబై ఉండాలి. కంపైలర్ ఇచ్చిందే రాసుకుంటే, తప్పే రేపటి ప్రమాణమవుతుంది. క్యాష్‌బుక్ చూసి క్యాష్‌బుక్‌నే ఆడిట్ చేసినట్టు! తప్పు ప్రోగ్రామును తిరస్కరిస్తుందా అన్నదీ చూడాలి. పాస్కల్ పరీక్షలలో అందుకు ప్రత్యేక విభాగమే ఉండేది.

హైదరాబాదులో 1967లో వెలసిన ఈసీఐఎల్ టీడీసీ కంప్యూటర్లు తయారుచేసింది. మరో యంత్రంపై నడిచిన ప్రోగ్రామును ఇలాంటి కొత్త యంత్రానికి మార్చినప్పుడు, పాత జవాబుల కాగితాలే పరీక్షాపత్రాలు.

రావలసిన జవాబు ముందుగా తెలియకపోతే? మా అప్పనపల్లిలో కొబ్బరికాయలు లారీకెత్తేటప్పుడు రైతు లెక్క రైతుది, వ్యాపారి లెక్క వ్యాపారిది. తేడా వస్తే మళ్ళీ లెక్క. మెకీమన్ అనే ఆయన 1998లో ఇదే దారి వివరించారు: ఒకే ప్రోగ్రామును రెండు మూడు కంపైలర్లకిచ్చి జవాబులు పోల్చడం. అందరూ ఒకే తప్పు చేస్తే మాత్రం దొరకదు. అయినా యూటా విశ్వవిద్యాలయం వారు సీస్మిత్ అనే సాధనంతో యాదృచ్ఛికంగా సి ప్రోగ్రాములు పుట్టించి, 2011 నాటికి 325కు పైగా తప్పులు పట్టారు. ఎన్నో ఏళ్ళుగా లోకమంతా నమ్మి వాడుతున్న జీసీసీ కూడా తప్పించుకోలేదు.