కంటిపాప వెనక్కి చూసిన కథ



చదవడం మొదలుపెట్టే ముందు మీ పెళ్ళి ఆల్బమో, పిల్లల పాత పుట్టినరోజు ఫొటోలో ఒకసారి గుర్తుచేసుకోండి. ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో కొందరి కంటిపాపలు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తుంటాయి కదా. "అయ్యో, ఫొటో పాడైంది" అని పక్కన పడేసేవాళ్ళం. ఆ ఎరుపు కంటి లోపలి వెనక గోడది. ఆ గోడమీద అతికించినట్టుండే పలుచని పొరనే రెటీనా అంటారు. మనకి చూపు అనేది ఉందంటే ఆ పొర వల్లే.

ఆ పొరని కళ్ళారా చూడటానికి మనుషులకి ఎన్ని ఏళ్ళు పట్టిందో, చివరికి అది మన చేతిలో ఉన్న ఫోన్‌దాకా ఎలా వచ్చిందో ఈసారి రాస్తున్నాను. చివర్లో మా అమ్మ సంగతి కూడా ఉంది. నిజం చెప్పాలంటే అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

కొవ్వొత్తి, నాలుగు గాజుముక్కలు

ఎదుటి మనిషి కంట్లోకి ఎంతసేపు చూసినా కంటిపాప నల్లగానే ఉంటుంది. ఎందుకని? లోపలికి వెళ్ళిన వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దాన్ని మనం చూడాలంటే దీపం ఉన్నచోటే మన కన్నూ ఉండాలి. అక్కడికి తల తీసుకెళ్తే దీపానికి మన తలే అడ్డం. దీపాన్ని పక్కకి జరిపితే వెలుతురు తిరిగి ఆ పక్కకే పోతుంది. చాలాకాలం ఇదే చిక్కు.

1850లో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే ప్రొఫెసర్ ఈ చిక్కు విప్పాడు. అప్పటికి ఆయనకి 29 ఏళ్ళు. విద్యార్థులకి పాఠం చెప్పడానికి తయారవుతుంటే ఈ ఆలోచన వచ్చిందట. కళ్ళజోడు అద్దాలు, మైక్రోస్కోపు దగ్గర వాడే పలుచని గాజుముక్కలు తీసుకున్నాడు. దీపం పక్కన పెట్టి, గాజుని ఏటవాలుగా పట్టుకున్నాడు. గాజుమీద పడ్డ వెలుతురులో కొంత తిరిగి ఎదుటివాళ్ళ కంట్లోకి పోతుంది. లోపల్నించి తిరిగొచ్చే వెలుతురులో కొంత అదే గాజులోంచి ఇటు మన కంటికి చేరుతుంది. అంతే! బతికున్న మనిషి కంటి వెనక రక్తనాళాలు స్పష్టంగా కనిపించాయి. 1851లో దాని గురించి చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆ పరికరమే ఆఫ్తాల్మోస్కోప్.

ఇందులో నా మనసులో నిలిచిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. అంతకు మూడేళ్ళ ముందే, 1847లో, లండన్‌లో చార్లెస్ బాబేజ్ ఇలాంటిదే తయారుచేశాడు. అవునండీ, కంప్యూటర్‌కి తాతలాంటి యంత్రాన్ని ఊహించిన ఆ బాబేజే. అద్దం వెనక వెండిపూత కొంచెం గీకేసి, ఆ సందులోంచి చూసేలా చేశాడు. తీసుకెళ్ళి ఒక కంటి డాక్టరుకి చూపించాడు. ఆయనకి దాని విలువ తెలియలేదు. హెల్మ్‌హోల్ట్జ్‌కి పేరొచ్చాక, 1854లో, అదే డాక్టరు "బాబేజ్ నాకు ఎప్పుడో చూపించాడు" అని రాశాడు. చూసే సాధనం చేతిలో ఉండి కూడా పక్కన పెట్టేశారన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, మా అమ్మ దగ్గర మళ్ళీ వస్తుంది.

చూసింది దాచుకోవడం

చూడటం వచ్చినా, చూసింది చూసినవాళ్ళ కంట్లోనే ఉండిపోయేది. చేత్తో బొమ్మలు గీసుకునేవాళ్ళు. 1886లో ఇంగ్లండులో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు కెమెరాని మనిషి తలకే కట్టి రెటీనా ఫొటో తీశారు. దానికి రెండున్నర నిమిషాలు పట్టింది. రెండున్నర నిమిషాలు రెప్ప కొట్టకుండా, చూపు కదపకుండా ఎవరు కూర్చోగలరు చెప్పండి? ఆ ఫొటోలో పెద్దగా ఏమీ తెలియలేదు, కానీ దారి పడింది. స్వీడన్ శాస్త్రవేత్త గుల్‌స్ట్రాండ్ చేసిన పని ఆధారంగా 1926లో జైస్ కంపెనీ రెటీనా కెమెరాని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటికీ ఆస్పత్రుల్లో గడ్డం ఆనించి కూర్చోబెట్టే పెద్ద బల్ల యంత్రాలు దాని వారసులే.

మరి చూసినందువల్ల లాభం ఏంటి? వైద్యం ఉంటేనే లాభం. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాలు బలహీనపడి కారుతాయి. తర్వాత చాలీచాలని రక్తం కోసం కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి గట్టివి కావు, చిట్లిపోతాయి. కన్ను రక్తంతో నిండిపోతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. చూపు కూడా చాలాకాలం బాగానే ఉంటుంది. లేజర్‌తో ముందుగా చికిత్స చేస్తే తీవ్రంగా చూపు పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1976లో అమెరికాలో పెద్ద పరిశోధన తేల్చింది. అప్పటినుంచి ముందుగా చూడటం అనేది ప్రాణంతో సమానమైన పని అయింది.

నేను ఇంగ్లండులో నర్సుని. ఇక్కడ 2003 నుంచి షుగర్ ఉన్నవాళ్ళని, 12 ఏళ్ళు దాటిన అందరినీ, ఉత్తరం రాసి పిలిచి మరీ రెటీనా ఫొటో తీస్తారు. ఇంగ్లండు, వేల్స్‌లో పనిచేసే వయసువాళ్ళలో చూపు పోవడానికి కనీసం యాభై ఏళ్ళుగా మొదటి కారణంగా ఉన్న షుగర్ జబ్బు 2010 నాటికి ఆ స్థానం నుంచి దిగిందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఈ స్క్రీనింగ్, షుగర్ అదుపు మెరుగవడం దానికి కారణాలు కావచ్చన్నారు. అందులో యంత్రం ఎంత ముఖ్యమో, ఇంటికొచ్చే ఆ ఉత్తరం కూడా అంతే ముఖ్యం అనిపిస్తుంది నాకు.

ఫోన్‌కి కళ్ళొచ్చాయి

ఇంత పెద్ద బల్ల యంత్రాన్ని కరెంటు లేని ఊరికి ఎలా తీసుకెళ్తారు? 2013 ప్రాంతంలో ఆండ్రూ బాస్టావ్రస్ అనే బ్రిటిష్ కంటి డాక్టరు కెన్యాలోని నకూరు ప్రాంతంలో వంద చోట్ల కంటి పరీక్షలు చేస్తూ ఈ కష్టమే పడ్డాడు. బరువైన సామాను, రోడ్లు అంతంత మాత్రం. అయితే ఎక్కడికి వెళ్ళినా ఫోన్ సిగ్నల్ మాత్రం ఉంది. ఆయనా ఆయన స్నేహితులూ కలిసి ఫోన్‌తోనే చూపు కొలిచే యాప్, రెటీనా చూసే తొడుగు తయారుచేశారు. దాని పేరు పీక్. ఇటలీలో డి-ఐ, అమెరికాలో ఇంకొన్ని, బెంగళూరులో రెమిడియో కంపెనీవాళ్ళ 'ఫండస్ ఆన్ ఫోన్', ఇలా కొద్ది ఏళ్ళలోనే చాలా వచ్చాయి.

ఫోన్ దీనికి ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఫోన్‌లో ఫ్లాష్ లైటు కెమెరా పక్కనే ఉంటుంది. హెల్మ్‌హోల్ట్జ్ కొవ్వొత్తికీ కంటికీ మధ్య గాజుతో చేసిన సర్దుబాటు ఇక్కడ సగం ముందే ఉందన్నమాట. తొడుగులోని చిన్న అద్దం, లెన్సు మిగతా సగం చూసుకుంటాయి. తీసిన ఫొటో అక్కడికక్కడే డాక్టరుకి పంపొచ్చు.

సరిగ్గా పనిచేస్తాయా అంటారా? చెన్నైలోని ఒక షుగర్ ఆస్పత్రిలో 301 మందికి ఫోన్ పరికరంతోనూ, పెద్ద కెమెరాతోనూ రెండు రకాలుగా ఫొటోలు తీసి పోల్చారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. రెటీనా జబ్బు ఉన్నవాళ్ళలో ఫోన్ దాదాపు 93 శాతం మందిని పట్టుకుంది. తర్వాత 2018లో డాక్టరు బదులు కంప్యూటర్ ప్రోగ్రాముతో చదివిస్తే దాదాపు 96 శాతం మందిని పట్టుకుంది, కానీ జబ్బు లేని నూరుమందిలో ఇరవైమందిని అనవసరంగా కంగారుపెట్టింది. ఎవరినీ వదిలేయకుండా ఉండాలంటే కొందరిని ఊరికే పిలవాల్సి వస్తుంది. అది పెద్ద నష్టం కాదు.

పరిమితులూ ఉన్నాయి. శుక్లం ముదిరితే ఫొటో మసకగా వస్తుంది. చుక్కల మందు వేయకుండా తీస్తే రెటీనా అంచులు కనిపించవు. నీటికాసులు, అంటే గ్లకోమా, లేదని దీంతో తేల్చలేం. ఇంకొక మాట, ఇవన్నీ శిక్షణ ఉన్నవాళ్ళు వాడే పరికరాలు. ఇంట్లో ఫోన్ టార్చి పెట్టి ఎవరి కంట్లోకీ కొట్టకండి. కాకపోతే చిన్నపిల్లల ఫ్లాష్ ఫొటోల్లో ఒక కన్ను ఎర్రగా, ఇంకో కన్ను మళ్ళీమళ్ళీ తెల్లగా వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకి చూపించండి. అది కంట్లో గడ్డకి గుర్తు అయ్యే అవకాశం ఉంది.

రామకోటి పుస్తకంలో కాగితం

ఇక మా అమ్మ సంగతి. పాలకొల్లు దగ్గర మా ఊరు. అమ్మకి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. వీడియో కాల్‌లో కళ్ళ గురించి ఎప్పుడడిగినా ఒకటే మాట: "నాకేమైందే? సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా కదా!" మా పెద్దమ్మ కూడా అలాగే అనేది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కంటి ముందు నల్లటి సాలెగూడు. ఆ కన్ను మళ్ళీ రాలేదు.

పోయిన ఏడాది ఊళ్ళో శిబిరం పెట్టారు. ఒక అమ్మాయి ఫోన్‌కి గొట్టంలాంటిది తగిలించి అమ్మ కళ్ళు ఫొటో తీసింది. ఆరోజు అమ్మ ఎంత సంబరపడిందో! "నా కన్ను నాకే చూపించారే. లోపల పున్నమి చంద్రుడిలా ఎర్రగా ఉంది." "ఏం చెప్పారమ్మా?" అన్నాను. "ఏం చెప్తారు, కాగితం ఇచ్చారు" అంది. నాకు డ్యూటీకి టైమైంది, పెట్టేశాను.

మూడు నెలల తర్వాత మా వదిన రామకోటి పుస్తకాలు సర్దుతుంటే ఆ కాగితం దొరికింది. ఫొటో తీసి నాకు పంపింది. రెండు కళ్ళలోనూ మార్పులున్నాయి, రెండు వారాల్లో రెటీనా డాక్టరుకి చూపించాలి అని రాసి ఉంది. అమ్మని అడిగితే, "మీరు అంతదూరంలో ఉండి కంగారుపడతారని చెప్పలేదే" అంది.

వార్డులో షుగర్ పేషెంట్లు అందరినీ "కళ్ళ పరీక్షకి వెళ్ళారా, రిపోర్టు ఏమొచ్చింది?" అని అడిగే నేను, మా అమ్మని "ఆ కాగితం ఒకసారి చూపించు" అని అడగలేదు. పరికరం తన పని తను చేసింది. ఫోన్ పట్టుకున్న ఆ అమ్మాయి కూడా చేసింది. ఆగిపోయింది మా ఇంట్లోనే. బాబేజ్ అద్దాన్ని పక్కన పెట్టిన డాక్టరుని ఇప్పుడు నేనేమనగలను?

వదిన వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. రెండు కళ్ళకీ విడతలుగా లేజర్ చేశారు. ఎడమ కంట్లో కొంత చూపు అప్పటికే తగ్గింది, అది తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబడితే చాలు.

ఆ తర్వాతే నేను పీక్ వాళ్ళు కెన్యా బళ్ళలో చేసిన పరిశోధన చదివాను. 2018లో వచ్చింది. యాభై బళ్ళలో పిల్లలకి చూపు పరీక్ష చేశారు. సగం బళ్ళలో మామూలు పద్ధతి, కాగితం రాసిచ్చి ఆస్పత్రికి వెళ్ళమనడం. మిగతా సగంలో ఫోన్‌తో పరీక్ష, ఆపైన "మీ బిడ్డకి లోకం ఇలా మసకగా కనిపిస్తోంది" అని చూపించే బొమ్మ, తల్లిదండ్రులకి గుర్తుచేసే మెసేజ్‌లు. కాగితం మాత్రమే ఇచ్చిన చోట నూటికి 22 మంది ఆస్పత్రికి వెళ్ళారు. బొమ్మ, మెసేజ్ ఉన్న చోట 54 మంది వెళ్ళారు. చూశారా, కాగితం ఇచ్చి వదిలేస్తే అది అక్కడే ఉండిపోతుంది. వెంటపడి అడిగేవాళ్ళు ఉండాలి.

మన ఊళ్ళలో అవకాశాలు లేకపోలేదు. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళ విజన్ సెంటర్లు రెండు రాష్ట్రాల పల్లెల్లోనూ ఉన్నాయి. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి, ఎందరికో కళ్ళజోళ్ళు అందాయి. కానీ కళ్ళజోడు వచ్చింది కదా, ఇక కళ్ళు బాగున్నట్టే అని మనవాళ్ళు అనుకోకూడదు. అక్షరాలు కనిపించడం వేరు, రెటీనా బాగుండటం వేరు.

కాబట్టి అమెరికాలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. షుగర్ వచ్చి ఎన్నేళ్ళైంది? చుక్కల మందు వేసి కంటి వెనక చివరిసారి ఎప్పుడు చూశారు? వాళ్ళిచ్చిన కాగితం ఎక్కడుంది? షుగర్ ఉందని తెలిసినప్పుడే మొదటి పరీక్ష, తర్వాత డాక్టరు ఇంకోలా చెప్తే తప్ప ఏడాదికోసారి. మీకే షుగర్ ఉంటే మిమ్మల్ని మీరూ అడుక్కోండి. ముందునుంచే షుగర్ ఉండి కడుపుతో ఉన్న అమ్మాయిలైతే మొదటి నెలల్లోనే చూపించుకోవాలి, ఆ సమయంలో రెటీనా జబ్బు త్వరగా ముదరొచ్చు.

మొన్న చెకప్ అవగానే అమ్మ తనే కాగితం ఫొటో తీసి పెట్టింది. సగం ఫొటో నిండా తన బొటనవేలే ఉంది. ఇంకోసారి తీయమన్నాను. తీసింది.