లోహానికి లొంగని వ్రాత

1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూటియస్ వర్జిల్ కావ్యాలను ఒక క్రొత్త అక్షరంలో అచ్చువేసినాడు. ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఆ అక్షరం నాటి లేఖకుల వాలువ్రాతకు లోహరూపము. నేడు ఇటాలిక్ అనెడి అక్షరజాతితో సంపూర్ణగ్రంథం వెలువడుట అదే మొదలు. లాటిన్ వ్రాత అంత సులువుగా సీసంలోకి దిగుటకు కారణమున్నది. ఎంత వాలినను ఆ అక్షరాలు విడివిడిగా ఒకే గీతమీద నిలుచును. ఉర్దూవారు తమ అందమైన వ్రాతను అచ్చులో చూడగోరినప్పుడు మాత్రము కథ వేరుగా నడిచినది.

వారి వ్రాత నస్తాలీఖ్. అది పదునాల్గవ శతాబ్దపు చివర పారశీకదేశంలో రూపుదాల్చినది. మీర్ అలీ తబ్రీజీ దానికి ఆద్యుడని సంప్రదాయము. అరబ్బీ గ్రంథాల నస్ఖ్ లిపి గీతమీద నడుచును. నస్తాలీఖ్‌లో పదం కుడివైపు ఎత్తున మొదలై, జారుచు ఎడమకు దిగును. ప్రక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకొనును. ఒక పదపు తోకపై మరొక పదం ఒరిగి ఉండును. రెల్లుకలపు మొనతో పెట్టిన చుక్కయే అన్నింటికి కొలత. నలుపలకల సీసపు దిమ్మలను వరుసగా పేర్చి ఈ జారుడును తెచ్చుట ఎట్లు? కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాల కాలంలో పోతపోసిన నస్తాలీఖ్ అక్షరాలు పాఠకుల కన్నులకు ఆనలేదు.

దారి చూపినది రాయి. శిలాముద్రణలో కాతిబు, అనగా లేఖకుడు, జిడ్డుసిరాతో కాగితంమీద వ్రాయును. ఆ వ్రాత రాతిమీదికి దిగును. తడిపిన రాయి సిరాను త్రోసివేయగా, జిడ్డు ఉన్నచోట మాత్రమే సిరా అంటును. కావున చేతివ్రాత ఉన్నదున్నట్లు అచ్చుపడును. తప్పులు దిద్దుటకు సంగ్‌సాజ్ అను వేరొక పనివాడుండెను. అతడు రాతిమీద అక్షరాలను ఎడమ కుడిగా వ్రాయవలెను! ఈ సొగసుకు కవులు చెల్లించిన మూల్యమూ కలదు. గాలిబ్ దీవాన్ 1841లో ఢిల్లీలో తొలిసారి అచ్చయినది. 1861 ముద్రణలో తప్పులు దొర్లగా, ఆయన దిద్ది పంపిన ప్రతి మరుసటి యేట కాన్పూరులో వెలువడినది.

ఈ బాధ తెలిసియే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజెట్‌ను 1866 నుండి సీసపు అక్షరాలతో నడిపినాడు. 1912లో అబుల్ కలాం ఆజాద్ కలకత్తాలో స్థాపించిన అల్-హిలాల్ కూడ అట్లే. భావాలలో వారి వెంట నడిచిన పాఠకులు అక్షరం విషయంలో నడువలేదు. దీనిని కేవలము మొండితనమనుట అన్యాయము. గజల్ చదువరికి రెండు చరణాలు ఎదురెదురుగా జారుచు దిగుట ఛందస్సులో ఒక భాగమైనట్లే తోచును. నస్ఖ్‌లో అదే పద్యం పాఠ్యపుస్తకం వలె కనిపించును. గాలిబ్ గీతాలను తెనిగించిన దాశరథి వంటి తెలంగాణ కవులు ఉర్దూ చదువులో ఎరిగిన అక్షరము ఇదే. హైదరాబాదు సంస్థానంలోనూ నస్తాలీఖ్‌ను యంత్రానికి లొంగదీయు యత్నం జరిగి విఫలమైనది.

1981లో ఆ చిక్కు వీడినది. పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్ రూపొందించినాడు. ఉపాయము సరళము, పని అపారము. అక్షరాలను కలుపుట మాని, కలిసిన అక్షరాల గుచ్ఛాన్నే చీనా లిపిలో వలె ఒక్క గుర్తుగా ఎంచుట. అట్టి గుచ్ఛాలు వేలకు వేలు చేతితో వ్రాయవలసివచ్చినది. లాహోరులో జంగ్ దినపత్రిక ఆ అక్షరంతో వెలువడినది. పిదప ఉపఖండమంతటా కాతిబుల బల్లలు ఒక్కొక్కటే ఖాళీయైనవి. యంత్రాన్ని గెలిపించినది కాతిబు చేతివ్రాతయే అనుట వారికి ఏమంత ఓదార్పు?

మద్రాసు తిరువల్లిక్కేణిలో 1927లో పుట్టిన ముసల్మాన్ దినపత్రిక మాత్రము ఇరువదియొకటవ శతాబ్దంలోనూ చేతివ్రాతను విడువలేదు. కొంత తావు వదలి, తక్కిన పుటను ముందుగా వ్రాసి, చివరి వార్తకై కలము పట్టుకొని కాతిబు అక్కడ ఎదురుచూచెడివాడు.