కార్డు తన నంబరు తానే చెప్పుకునే దాకా

"లినక్స్‌లో డ్రైవర్లు దొరకవండీ" అనే మాట మన ఐటీ వాళ్ళ నోట నేను చాలాసార్లే విన్నాను. ఈ నింద ఎవరి మీద పడాలో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్ గురించి మొదటిసారి చెప్పినప్పుడు, ఏటీ హార్డ్‌డిస్కులు తప్ప వేరేవి ఇందులో ఎప్పటికీ పనిచేయకపోవచ్చన్నాడు. తన దగ్గర ఉన్నవి అవే మరి! తర్వాత డొనాల్డ్ బెకర్ లాంటివాళ్ళు పూనుకుని నెట్‌వర్క్ డ్రైవర్లు రాసుకుంటూ పోయారు.

అప్పటి పాత ఐఎస్ఏ కార్డుకి నోరు లేదు. ఎన్ఈ2000 మాడ్యూల్ ఎక్కించాలంటే కార్డు ఏ ఐఓ అడ్రసులో ఉందో మనమే చెప్పాలి. కెర్నెల్‌నే వెతుక్కోమంటే, అది పొరపాటున ఇంకో కార్డుని కదిపి మెషీన్ మొత్తం హ్యాంగ్ అయ్యే ప్రమాదం ఉండేది.

పీసీఐ వచ్చాక ఈ తిప్పలు తగ్గాయి. ప్రతి కార్డులోనూ కంపెనీకో నంబరు, పరికరానికో నంబరు. (ఇంటెల్ ఏరికోరి 8086 తీసుకుంది!) 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నెల్ నాటికి, డ్రైవర్లు తాము నడపగల నంబర్ల పట్టికని తమలోనే పెట్టుకోవడం మొదలైంది. 2003 డిసెంబరులో 2.6 వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే, ఆ పట్టిక చూసి సరైన మాడ్యూల్ దానంతటదే ఎక్కడం మామూలైపోయింది.

సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకునేవాళ్ళకీ దారి దొరికింది. డిస్ట్రో కెర్నెల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ -కే' కొడితే ఏ కార్డుని ఏ డ్రైవరు నడుపుతోందో చెప్తుంది. ఆ పేరుని సోర్సులోని మేక్‌ఫైళ్ళలో వెతికితే ఏ కాన్ఫిగ్ ఆప్షన్ ఆన్ చెయ్యాలో తెలుస్తుంది. 2009 డిసెంబరులో 2.6.32తో వచ్చిన 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' ఇంకా సుళువు. లోడై ఉన్న మాడ్యూళ్ళని ఉంచి మిగతావి తీసేస్తుంది. కాకపోతే ఆ సమయానికి ప్లగ్ చేసి లేని పరికరాల డ్రైవర్లూ పోతాయి, జాగ్రత్త.

మరి ఇంకా చిక్కెక్కడ? నంబరు తెలిసినా, ఆ చిప్‌తో ఎలా మాట్లాడాలో కంపెనీ చెప్పకపోతే! బ్రాడ్‌కామ్ వైఫై కథ అదే. కొందరు ఔత్సాహికులు ఉన్న డ్రైవరుని విప్పి చూసి స్పెసిఫికేషన్ రాశారు. ఇంకో జట్టు దాన్ని మాత్రమే చదివి కోడ్ రాసింది. అది 2006 జూన్‌లో 2.6.17లో చేరింది. అప్పటికీ ఫర్మ్‌వేర్ ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. కంపెనీ తన కొత్త చిప్పులకి ఓపెన్‌సోర్సు డ్రైవరు ఇచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే జీతం లేనివాళ్ళు చేసిన నాలుగేళ్ళకి.

అందుకే "డ్రైవరు దొరకలేదు" అనే బదులు "కంపెనీ చెప్పలేదు" అనడమే న్యాయమని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ కొనేముందు అందులోని చిప్ పేరు కనుక్కుని, కెర్నెల్‌లో దానికి డ్రైవరుందో లేదో ఓసారి చూడండి. మనం డబ్బిచ్చే ముందు అడిగితేనే కంపెనీలు వింటాయి, కొన్నాక ఎంత తిట్టుకున్నా వినవు.