పన్నెండు మెట్ల కిన్నెర

వాద్యబృందపు సందడికి అలవాటుపడిన చెవికి ఒంటిగాయకుని పాట మొదట వెలితిగా తోచును. కొంతసేపు వినిన పిమ్మట ఆ వెలితియే పాటకు ప్రాణమని తెలియును. తెలుగునాట ఇందుకు చక్కని తార్కాణము పాలమూరు సీమలోని కిన్నెరపాట. దాని చరిత్రను శ్రోతలకు మనవిచేయుచున్నాము.

కిన్నెర మనకు క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య అను శివభక్తుని కథ చెప్పెను. వాద్యమే ఆ భక్తునికి ఇంటిపేరువలె నిలిచినది. నేడు మనము చూచు కిన్నెర పల్లెవారి చేతిపని. వెదురుదండెకు ఎండిన సొరబుర్రలు కట్టి, తేనెమైనముతో మెట్లు నిలిపి, తీగ బిగించి, నెమలి ఈకలతో అలంకరింతురు. సరస్వతీ వీణకు 24 మెట్లు. ఈ కిన్నెరకు 12. అంతకు తక్కువ మెట్ల కిన్నెరలును కలవు. తెలంగాణమున డక్కలివారు తరతరములుగా కిన్నెర మీటుచు కథలు చెప్పుచున్నారు.

పన్నెండు మెట్ల కిన్నెరకు మన కాలమున పేరు తెచ్చినవారు నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన శ్రీ దర్శనం మొగులయ్య. పెద్దలనుండి వచ్చిన విద్య అది. ఆయన పాడు కథలలో పండుగ సాయన్న కథ ముఖ్యమైనది. నిజాము పాలనాకాలమున కలవారిని కొల్లగొట్టి, లేనివారికి పంచి, తుదకు ప్రాణములు కోల్పోయిన వీరుడని సాయన్నను పాలమూరు జనులు తలచుకొందురు.

ఆ పాటను ఎట్లు వినవలెను? మొగులయ్య గొంతు పైస్థాయిని అందుకొని, దూరమున నున్న వానిని పిలిచినట్లు సాగి, చటుక్కున ఆగును. ఆ విరామమున కిన్నెర బదులు పలుకును. కథ చెప్పువాడును, ఊకొట్టువాడును ఒక్కడే. జాలి గొలుపుటకై ఆయన గొంతు తగ్గింపడు. ఏలయన, ఆ దుఃఖము గాయకుని సొంతము కాదు. తనవానిని పోగొట్టుకొన్న సీమ అంతటిదియు. వినువారి కన్ను చెమర్చుట అందువలననే.

2021లో వెలువడిన ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటకు మొగులయ్య గొంతు ఆరంభమైనది. మొదట ఆయన కంఠము, పిదప వాద్యబృందపు హోరు. ఆ ఆరంభమును నాడు ఎందరో విన్నారు. సాయన్న కథను తుదివరకు విన్నవారెందరు? 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది.

హైదరాబాదున ఎల్.బి. నగర్ దాటి సాగర్ రహదారిపై పోగా తుర్కయంజాల్ వచ్చును. 2024 మే నెలలో అచ్చట ఒక కట్టడముకడ దినకూలిగా పనిచేయుచు మొగులయ్య కనబడెనని పత్రికలు వ్రాసినవి. తనకు నెలనెలా వచ్చు 10,000 రూపాయల గౌరవవేతనము ఆగినదని ఆయన అప్పుడు తెలిపిరి.

ఈ వార్తకు నొచ్చుకొనుట సులభము, కారణమును ఆలోచింపవలెను. వెనుక కథకుడు ఊరికి వచ్చినచో కళ్ళముకడ గింజలు కొలిచి పెట్టెడివారు. విన్నవాడే పోషించెడివాడు. పిదప పాట ఊరు దాటి తెరమీదికిని, యంత్రములలోనికిని వచ్చినది. ఊరు పెట్టు గింజ మాత్రము దానివెంట రాలేదు. ఇంటింట కూర్చుండి ఊరకే వినుట నేర్పినవారిలో మేమును ఉన్నాము గనుక ఈ మాట మాకును తగులును.

కావున శ్రోతలకు మా విన్నపము: ఈమారు సాయన్న కథ వినబడినపుడు ఆరంభముతో ఆపక, కిన్నెర తుదిపలుకు సద్దుమణగువరకు వినుడు. మీ ఊరి ఉత్సవమునకు ఏ కిన్నెర కళాకారునైనను పిలిచినచో, శాలువ సంగతి తరువాత. సంభావన ఎంతయో ముందుగా మాటాడుడు.