సముద్రం లోతు ఎలా తెలిసింది?

సముద్రం ఎంత లోతు ఉంటుంది? విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. సగటున సుమారు 3,700 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోటు పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో ఉంది. అక్కడ దాదాపు 10,900 మీటర్లు. జవాబు అంతే. అయితే ఈ అంకెలు మానవుడికి ఎలా చిక్కాయన్నది పెద్ద కథ.

పూర్వం నావికులు తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలేవారు. తాడును బారల్లో కొలిచేవారు. బార అంటే ఆరడుగులు. తీరం దగ్గర ఈ పద్ధతి చాలు. నడిసముద్రంలోనే వచ్చింది చిక్కు. గుండు అడుగును తాకిన తరువాత కూడా, కిలోమీటర్ల పొడవున్న తాడు తన బరువుకే ఇంకా దిగుతూ ఉంటుంది. మరి అడుగు తగిలిందని తెలిసేదెలా? 1872 డిసెంబరులో ఇంగ్లండు నుంచి బయలుదేరిన 'ఛాలెంజర్' నౌకలో, తాడు మీది ఒక గుర్తుకూ మరో గుర్తుకూ మధ్య ఎంత సమయం పడుతోందో గడియారం పట్టుకుని చూసేవారు. తాడు వేగం హఠాత్తుగా తగ్గితే గుండు నేలను తాకిందన్నమాట! 1875 మార్చి 23న మరియానా ప్రాంతంలో 4,475 బారల లోతు వారికి అందింది. ఒక్కో కొలతకు గంటలు పట్టేది కాబట్టి, మూడున్నరేళ్ల ప్రయాణంలో కొలిచిన చోట్లు సుమారు 500 మాత్రమే.

తరువాత తాడు స్థానంలో ధ్వని వచ్చింది. నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. ప్రతిధ్వని నాలుగు సెకన్లలో తిరిగివస్తే, రానూపోనూ దూరం 6,000 మీటర్లు. లోతు 3,000 మీటర్లు. ఈ పద్ధతితో జర్మనీ నౌక 'మెటియోర్' 1925-27లో అట్లాంటిక్‌లో వేలకొద్దీ కొలతలు తీసింది.

మన హిందూ మహాసముద్రం మాత్రం చాలాకాలం వెనుకబడే ఉంది. ఛాలెంజర్ దాని దక్షిణ భాగం మీదుగా వెళ్లిపోయిందే తప్ప మన వైపు రాలేదు. 1959-65 మధ్య జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రతో ఆ లోటు కొంత తీరింది. అందులో మన నౌకాదళానికి చెందిన 'కిస్ట్నా' పాల్గొంది. ఆ పేరు మరేదో కాదు, ఇంగ్లీషువారి నోట పలికిన మన కృష్ణానదే. ఆ యాత్ర ఫలితంగానే 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది.

లోతు తెలిస్తే ఏమిటి ప్రయోజనం అని అడగవచ్చు. సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో అది గంటకు 700 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. తీరం దగ్గర పది మీటర్ల లోతులో 36 కిలోమీటర్లకు తగ్గి, పైకి లేస్తుంది. కనుక లోతు తెలిస్తే అల ఎప్పుడు చేరుతుందో ముందే లెక్కకట్టవచ్చు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూకంపం వచ్చాక అలలు మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉన్నా, హెచ్చరించే ఏర్పాటు హిందూ మహాసముద్రంలో లేదు. మన దేశంలోనే పదివేల మందికి పైగా మరణించారు. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రం లేని ఊళ్లో సముద్రానికి కాపలా! అక్కడి లెక్కలకు ఆధారం ఈ లోతుల పటాలే. ప్రపంచ సముద్రాల అడుగున ఇప్పటికి వివరంగా కొలిచింది నాలుగో వంతుకు కాస్త పైగా మాత్రమే.